నిండు ట్యాంకు, ఖాళీ ముందు బెంచీలు

తాడేపల్లిగూడెంలోని మా పాత ఇంటి అటక దులిపిస్తుంటే మొన్న ఒక మూట దొరికింది. తెల్లని నేతచీర ముక్కలో చుట్టి, చుట్టూ కుట్లు వేసి మరీ భద్రం చేసిన మూట అది. ఆ కుట్టు మా నాయనమ్మ సువార్తమ్మదని చూడగానే తెలిసిపోయింది. మా చర్చిలో కానుకల సంచులన్నీ ఆవిడే కుట్టేది. లోపల ఏదో విలువైన వస్తువే ఉంటుందని పనమ్మాయి కూడా చీపురు పక్కన పెట్టి వచ్చి నిలబడింది. కుట్లు విప్పితే నా పాత జాయ్‌స్టిక్ బయటపడింది. కంప్యూటర్లో విమానం నడిపే ఆటకి వాడే పిడి అది. "ఇదేంటండీ, బోరింగు పంపుదా?" అంది పనమ్మాయి. నాకు నవ్వాగక అక్కడే నేల మీద కూలబడ్డాను. ఒకప్పుడు మా నాయనమ్మ పరిశుద్ధ దేశం వెళ్ళడమా, మానడమా అన్నది ఆ పిడి మీదే ఆధారపడి ఉండేదని ఆ అమ్మాయికి ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పను?

అప్పట్లో ఆ ఇంట్లో మేము ముగ్గురమే ఉండేవాళ్ళం: నాయనమ్మ, నాన్న, నేను. నాన్న మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. నేను రోజూ ప్యాసింజరు రైలెక్కి ఏలూరు వెళ్ళి డిగ్రీ చదువుకునేదాన్ని. కోడి కూయకముందే కుటుంబ ప్రార్థన అయ్యేది. నాయనమ్మ ప్రార్థన పొడుగ్గా సాగేది, అందులో మా వీధివీధంతా వచ్చేది, చివరికి పాలవాడి గేదె కూడా వచ్చేది. ప్రార్థన ముగిసేసరికి ఉల్లిపాయల మార్కెట్టుకి లారీలు రావడం మొదలయ్యేది. గాలి అటునుంచి వీచిన రోజు మా ఇంట్లో కాఫీకి కూడా ఉల్లిపాయ వాసనే. ముందు గదిలో గోడకి తాతయ్య వేసిన పటం వేలాడుతుండేది. తాతయ్య మా చర్చి సంఘానికి వాక్యం చెప్పే ఉపదేశి. మందమైన గుడ్డ మీద రంగులతో పరిశుద్ధ దేశపు పటం ఆయనే వేసుకుని, సండేస్కూలు పిల్లలకి గలిలయ సముద్రం నుంచి మృతసముద్రం దాకా వెదురు పుల్లతో చూపిస్తూ జీవితమంతా గడిపాడు. ఆయన మాత్రం రాజమండ్రి దాటి వెళ్ళినవాడు కాదు. యెరూషలేము దగ్గర ఆ పుల్ల తగిలి తగిలి గుడ్డకి చిన్న కన్నం పడింది. ఆయన పోయాక కూడా పటం అక్కడే ఉంది. ఆ గదిలో ప్లగ్గు ఆ గోడకే ఉండడంతో, నాన్న నా చదువు కోసం కొన్న కంప్యూటరు సరిగ్గా పటం కిందకి వచ్చింది. ఏలూరులో చదివే మా మేనత్త కొడుకు ఒకసారి విమానాల ఆట ఉన్న సీడీ, ఈ జాయ్‌స్టిక్కూ తెచ్చిచ్చాడు. నేను ఖాళీ దొరికినప్పుడల్లా పెద్దపెద్ద విమానాలు లేపుతూ, దింపుతూ ఉండేదాన్ని. నాయనమ్మ పక్కన కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటూ, "పొద్దస్తమానం ఎక్కడికే వెళ్ళేది, ఇంట్లో పనుండగా" అనేది.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం మా పాస్టరు అయ్యగారు వచ్చారు. చుట్టుపక్కల సంఘాలవాళ్ళు కొందరు కలిసి పరిశుద్ధ దేశం వెళ్తున్నారని, తాతయ్య చేసిన సేవకి గుర్తుగా నాయనమ్మని తమ తరఫున పంపాలని మా సంఘం నిర్ణయించిందని చెప్పారు. నాన్న కళ్ళు చెమర్చాయి. నాయనమ్మ చేటలో చెయ్యి ఆగిపోయింది.

"అయ్యగారండీ, అక్కడికి బస్సు వెళ్ళదాండీ?"

"మధ్యలో సముద్రం ఉందండీ, సువార్తమ్మగారూ."

"మోషేగారికీ అడ్డమొచ్చింది కదండీ సముద్రం."

"అప్పుడు విమానాల్లేవు కదండీ" అన్నారు అయ్యగారు. "మీరు ఎలాగైనా వెళ్ళాలండీ. ఉపదేశిగారు గోడమీదే చూశారు, మీరు కళ్ళారా చూసి రండి. సోమవారం పొద్దున్న పేర్లు పంపించెయ్యాలి. మీరు కాదంటే ఆ సీటు ఇంకో సంఘానికి వెళ్ళిపోద్దండీ."

మా నాయనమ్మ కొల్లేటి లంకలో పుట్టిన మనిషి. చిన్నప్పుడు తాటిదోనెలో బడికెళ్ళింది, తుఫాను నీళ్ళలో ఈదింది. నీళ్ళంటే భయం లేదు కానీ, కింద నీళ్ళు కూడా లేని ప్రయాణం అంటే మాత్రం గుండె దడ. మా ఊళ్ళో యుద్ధం రోజుల్లో వేసిన పాత రన్‌వే ఉంది. ఆవిడకి తెలిసినంతలో దాని మీద ధాన్యం ఆరబోయడమే తప్ప విమానం దిగగా చూసింది లేదు. అందుకని రాత్రంతా ప్రార్థన చేసుకుని, పొద్దున్నే తీర్పు చెప్పింది. యుద్ధానికి వెళ్ళే ముందు గిద్యోను కళ్ళంలో గొర్రెబొచ్చు పరిచి, దాని మీద మాత్రమే మంచు పడితే వెళ్తానని దేవుణ్ణి గుర్తు అడిగాడు కదా. ఆవిడ కూడా గుర్తు అడిగిందట. ఆ గుర్తు నేను.

"ఒసే గ్రేసీ, నీ పెట్టెలో ఇమానం హైదరాబాదులో లేచి, ఆ దేశంలో క్షేమంగా దిగాలి. నా కళ్ళముందు దిగాలి. దిగితే దేవుడు వెళ్ళమన్నట్టు. లేకపోతే లేదు."

"అమ్మా, అది ఆటే" అన్నాడు నాన్న.

"గొర్రెబొచ్చు మాత్రం ఆకాశం నుంచి పడిందేంట్రా?"

అలా నేను ఒక్క రాత్రిలో పైలట్‌నయ్యాను. యాత్రికులు దిగే ఊరు యొర్దాను, అదే జోర్డాన్ దేశంలోని అమ్మాన్. అక్కడినుంచి బస్సు. ప్రయాణం దాదాపు ఆరు గంటలు. ఆటలో కాలాన్ని వేగంగా నడిపించే వీలుంది కాబట్టి గంటన్నరలో అయిపోతుంది. శుక్రవారం కాలేజీ ఎగ్గొట్టి కూర్చున్నాను. విమానం లేపేముందు ఇంధనం ఎంత పొయ్యాలో, మనుషులు సామాన్లు ఎంత బరువు ఎక్కించాలో ఒక పట్టికలో నింపాలి. నేను సగం ట్యాంకు అని నొక్కబోతుంటే నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"సగమా? దివిటీలు పట్టుకుని పెళ్ళికొడుకు కోసం కాచుకున్న పదిమంది కన్యకల సంగతి సండేస్కూల్లో నీకు నేను చెప్పలేదటే? నూనె చాలక తలుపు బయట ఏడ్చారే ఐదుగురు? నిండా పొయ్యి."

"నాయనమ్మా, ఈ విమానం పదిహేను గంటలు ఎగిరేది. నిండా పోస్తే బరువెక్కిపోద్ది."

"పాపం బరువంటే నమ్ముతాను. నూనె బరువంటే నమ్మను."

నిండా పోశాను. తెర మీద విమానం బరువు హద్దు దాటిందని ఎర్ర అక్షరాలు వచ్చాయి. నాయనమ్మకి ఇంగ్లీషు రాదు కాబట్టి ఎరుపు రంగు చూసి శుభమే అనుకుంది. రన్‌వే మొత్తం వాడుకుని, చివరి దీపాలు దాటేటప్పుడు కొల్లేటి కొంగ బద్ధకంగా లేచినట్టు లేచింది. అమ్మాన్ దాకా వెళ్ళనైతే వెళ్ళింది కానీ, ఇంకా తొమ్మిది గంటల ఇంధనం పొట్టలో ఉండగానే దిగాల్సి వచ్చింది. అంత బరువున్న విమానం నెమ్మదిగా దిగలేదు, స్పీడు తగ్గిస్తే రాయిలా పడుతుంది. స్పీడు మీద దింపితే బ్రేకులు ఆపలేవు. రన్‌వే దాటి, కంచె దాటి, ఇసుకలోకి దూసుకెళ్ళిపోయాం. తెర ఆగిపోయింది. నాయనమ్మ కళ్ళు మూసుకుని లోపలున్నవాళ్ళ ఆత్మల కోసం ప్రార్థన మొదలుపెట్టింది.

ఆ మధ్యాహ్నం కొర్రమీను పులుసు ముందు పెట్టుకుని చర్చ నడిచింది. నేను చెప్పింది ఒకటే: ట్యాంకు నిండా ఉండాలంటే మనుషుల్ని దించాలి, మనుషులు ఉండాలంటే ఇంధనం తగ్గించాలి. రెండూ మోయలేదు. పైగా ఎక్కువ ఇంధనాన్ని మోసుకెళ్ళడానికే ఇంకొంత ఇంధనం కాలిపోతుంది. నాయనమ్మ చాలాసేపు ఆలోచించి, మనుషుల్నే దించమంది. అయితే ఊరూపేరూ లేనివాళ్ళని ఎక్కించి దించడం ఆవిడకి నచ్చలేదు. మా సంఘాన్నే ఎక్కించమంది. ఎవరు ఎక్కాలో, ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆవిడే చెప్తుంటే నేను పట్టికలో బరువులు నింపుకుంటూ పోయాను.

"గాయకబృందాన్ని దించెయ్. ఎలాగూ శ్రుతి లేదు."

"ముందు వరసల్లో ఎవరిని వెయ్యను నాయనమ్మా?"

"ముందా? ముందెవరే కూర్చునేది? గుమ్మం దగ్గర్నుంచి వెనక బెంచీలు నింపుకుంటూ రా."

అది నిజం. మా గుళ్ళో ముందు బెంచీలు ఎప్పుడూ ఖాళీయే. అయ్యగారు ప్రసంగం మధ్యలో ఎంత బతిమాలినా జనం వెనక గోడకి అతుక్కుని కూర్చుంటారు. నాయనమ్మ కూడా ఎప్పుడూ గుమ్మం పక్కనే, గాలి వస్తుందని. ఆవిడ విమానాన్ని గుడిలాగే నింపింది. ముందు వరసలు మొత్తం ఖాళీ, తోక దగ్గర మాత్రం ఇసకేస్తే రాలనంత మంది. సాయంత్రం ఏమైందోనని చూడ్డానికి వచ్చిన అయ్యగారు నా భుజం మీదుగా తొంగిచూసి, "నేనున్నానామ్మా లోపల?" అన్నారు ఆశగా.

"ఉన్నారండీ. ముందు మీరొక్కరేనండీ, గుళ్ళోలాగే" అంది నాయనమ్మ.

విమానం పరుగెత్తింది. నేను పిడి కదపకుండానే ముక్కు దానంతటదే పైకి లేచింది. లేచి ఊరుకోలేదు, ఇంకా ఇంకా లేచి, ఆకాశం వైపు నిట్టనిలువుగా నిలబడి, ఒక్క క్షణం ఆలోచించి, తోక మీద కూలబడింది. అయ్యగారు కుర్చీలోంచి లేచారు. "చూశారాండీ! ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నాను కదండీ, ముందుకొచ్చి కూర్చోండని!" ఆయన మొహంలో విచారం కంటే సంతోషమే ఎక్కువ కనిపించింది. ఆ ఆదివారం ప్రసంగానికి ఆయనకి ఇంకేం వెతుక్కోనక్కర్లేకపోయింది.

"దోనెలో అందరూ ఒక కొసన కూర్చుంటే మునుగుద్దని నాకు తెలవదా?" అంది నాయనమ్మ చిన్నబుచ్చుకుని. "దోనె సంగతి వేరు, గుడి సంగతి వేరు అనుకున్నాను."

శనివారం పొద్దున్న నాన్న రంగంలోకి దిగాడు. ముందుగా నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, ఆ ఆటలో ప్రమాదాలు జరక్కుండా ఆపేసే మీట ఏదో ఉంటదంట కదా? నొక్కెయ్. పాపం, వెళ్ళొస్తది."

"నాన్నా, అది దేవుణ్ణి అడిగిన గుర్తు. మనం మీట నొక్కితే, గిద్యోను గొర్రెబొచ్చు మీద బిందెడు నీళ్ళు కుమ్మరించి మంచు పడిందన్నట్టు."

ఆయన సిగ్గుపడి, లెక్కల మాస్టారుగా మారిపోయాడు. దూరం ఇంత, గంటకి ఖర్చు ఇంత అని భాగించి, గుణించి, చుక్క ఎక్కువ లేకుండా, చుక్క తక్కువ లేకుండా ఇంధనం తేల్చాడు. మనుషుల్ని ముందూ వెనకా సమంగా సర్దాడు. అంత తేలికైన విమానాన్ని నేను అంతవరకు లేపలేదు. ఇదిగో వచ్చేశాం అనుకునేంతలో ఎడారి మీద ఒక ఇంజన్ ఆగింది, వెంటనే రెండోది. స్పీకర్లలో గాలి చప్పుడు మాత్రం మిగిలింది. పడమటికి వెళ్తుంటే దారిపొడవునా ఎదురుగాలి కొట్టింది. అది నాన్న లెక్కలో లేదు.

"జవాబు కరెక్టే. ప్రశ్నలో గాలి ఇవ్వలేదు" అన్నాడు నాన్న.

నాయనమ్మ గెలిచినట్టు చూస్తుందనుకున్నాను. చూడలేదు. చేట పక్కన పెట్టి, లేచి, తాతయ్య పటం ముందు నిలబడింది. వేలితో యెరూషలేము దగ్గరున్న కన్నాన్ని తడిమింది. "నిండా పోస్తే దిగలేదు. సరిపడా పోస్తే చేరలేదు. ఆయన వద్దంటున్నాడ్రా. అయ్యగారితో చెప్పెయ్, నా పేరు కొట్టెయ్యమని." ఆ గొంతులో భయం లేదు. ఉండి ఉంటే నాకు బాగుండేది. ఆవిడకి వెళ్ళాలని ఎంత ఉందో నాకు అప్పుడే తెలిసింది.

అప్పట్లో మా ఊళ్ళో సాయంత్రాలు కరెంటు కోత. దీపాలవేళ కాగానే నాయనమ్మ అరుగు మీద కూర్చుని లాంతరు ముందేసుకునేది. గాజుబుడ్డిని ముగ్గుపిండితో తుడిచి, వత్తి కొస కత్తిరించి, కిరసనాయిలు పోసి, పక్కన ఒక చిన్న సీసాలో ఇంకాస్త పోసి ఉంచేది. పుట్టినప్పటినుంచి చూస్తున్న పని అది. ఆ రోజు నేను పక్కన దిగులుగా కూర్చుని, మొదటిసారి దాన్ని నిజంగా చూశాను.

"నాయనమ్మా, లాంతరు నిండా పొయ్యవేంటి?"

"నిండా పోస్తే కారదటే? చమురు కంపు, పైగా మంట ఎగదన్నుద్ది. ఈ రాత్రికి ఇది చాలు."

"చాలకపోతే?"

"సీసాలో ఉందిగా."

"మరి మిగతా ఐదుగురు, ఆ బుద్ధిగల కన్యకలు? దివిటీలతో పాటు సిద్దెల్లోనే కదా నూనె తెచ్చుకుంది? సిద్దె అంటే చిన్న పాత్రే కదా? పీపా దొర్లించుకుంటూ పెళ్ళికి రాలేదుగా?"

ఆవిడ చేతిలో వత్తి అలాగే ఉండిపోయింది. లాంతరు వైపు చూసింది, సీసా వైపు చూసింది. "నాకు వాక్యం చెప్తన్నావా నువ్వు?" అంది కోపంగా. కాసేపయ్యాక అదే కోపంతో, "కరెంటు రాగానే పెట్టె తెరువు" అంది.

ఆ రాత్రి భోజనాలకి ముందే విమానం లేచింది. నాన్న లెక్కకి ఎదురుగాలి కలిపాం, దాని మీద ముప్పావు గంటకి సరిపడా అదనం పోశాం. మా ఇంట్లో దాని పేరు ఇక సిద్దె. మనుషుల్ని నాయనమ్మ స్వయంగా ముందు వరసల నుంచి కూర్చోబెట్టింది. అమ్మాన్ దగ్గర పొగమంచు, ఒకసారి దిగలేక మళ్ళీ పైకి లేపాను. నాన్న గోళ్ళు కొరుక్కున్నాడు. "కంగారుపడకే, సిద్దె ఉంది" అంది నాయనమ్మ. రెండోసారి చక్రాలు మెత్తగా తాకాయి, విమానం రన్‌వే సగంలోనే ఆగింది. నాన్న చప్పట్లు కొట్టాడు. నేను కుర్చీలోంచి ఎగిరాను. నాయనమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, స్తోత్రం చెప్పి, మెల్లగా అంది: "గిద్యోను రెండుసార్లు అడిగాడు."

నాన్న తల పట్టుకున్నాడు. కానీ మాట నిజమే. మొదటి రాత్రి బొచ్చు తడిసి నేల పొడిగా ఉంటే, రెండో రాత్రి దాన్ని తిరగేసి అడిగాడాయన. వాక్యంలో ఉన్నదాన్ని కాదనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఆదివారం సాయంత్రం, పొద్దుటి ముందు బెంచీల ప్రసంగం వేడి చల్లారకముందే, అయ్యగారు కూడా మా ఇంటికి వచ్చి కూర్చున్నారు. అదే లెక్క, అదే సిద్దె. అంతా సాఫీగా సాగింది. అమ్మాన్ రన్‌వే దీపాలు రెండు వరసలుగా కనిపిస్తున్నాయి. చక్రాలు దింపాను. సరిగ్గా అప్పుడు, కోత వేళకి ముందే, కరెంటు పోయింది. యూపీఎస్ కీచుకీచుమంది. అది ఐదు నిమిషాలు కరెంటు ఇస్తుందని చెప్పి అమ్మారు కానీ, అది బుద్ధిలేని కన్యకల కోవలోది. నేను రన్‌వే ఎదురుగా ఉండగానే తెర నల్లబడిపోయింది.

మసక చీకట్లో నలుగురం కూర్చున్నాం. దిగలేదు. కూలలేదు కూడా. గుర్తు అవునా, కాదా? నాన్న అయ్యగారి వైపు చూశాడు, అయ్యగారు నా వైపు చూశారు, నేను నాయనమ్మ వైపు చూశాను. ఆవిడ లేచి, తడుముకుంటూ వెళ్ళి, లాంతరు వెలిగించి తెచ్చి కంప్యూటరు పక్కన పెట్టింది. వెలుగు తాతయ్య పటం మీద పడింది. ఆ నల్లటి తెర వైపు కాసేపు చూసి, "దిగి ఉంటదిలే" అంది. "గ్రేసీ, అటక మీద నా బట్టల పెట్టె దించు. అయ్యగారండీ, నా పేరు పంపెయ్యండి."

ఆవిడ వెళ్ళింది. యొర్దాను నీళ్ళు తెమ్మని సంఘంలో ఎవరెవరో తెచ్చిచ్చిన డబ్బాలూ క్యాన్లూ అరుగు మీదే వదిలేసి, లాంతరు పక్క చిన్న సీసాని కడిగి సంచిలో వేసుకుంది. "సిద్దె చాలు" అంది. ఎంత కడిగినా వాసన పోలేదు. తెచ్చిన నీళ్ళు అయ్యగారు గుళ్ళో అందరి మీదా చిలకరిస్తే, మా సంఘమంతా ఆ ఉదయం కిరసనాయిలు వాసనతో భక్తిగా మెరిసింది. విమానం గురించి అడిగితే ఆవిడ ఒకటే చెప్పింది: ఎక్కగానే అక్కడి అమ్మాయిని ముందు సీట్లు నిండాయా అని అడిగిందట. ఆ అమ్మాయికి తెలుగు రాక నవ్విందట. నిండాయనే అర్థం చేసుకుని నిద్రపోయిందట.

ఇప్పుడు మా ఇంట్లో ఇన్వర్టరు ఉంది, లాంతరు లేదు. మా అబ్బాయి కూడా అలాంటి ఆటే ఆడతాడు. ఊరి పేరు కొడితే చాలు, ఎదురుగాలి, అదనంతో సహా ఇంధనం అదే లెక్క కట్టి పోసుకుంటుంది. వాడికి ఎప్పుడూ ఇంధనం అయిపోదు, వాడి విమానం ఎప్పుడూ తోక మీద కూలబడదు. వాడి గదిలోకి చేట పట్టుకుని వచ్చి కూర్చునేవాళ్ళు కూడా ఎవరూ లేరు. జాయ్‌స్టిక్ చూపిస్తే తిప్పి చూసి, "ఇంత బరువేంటమ్మా?" అన్నాడు.

ఆ ప్రయాణం తర్వాత నాయనమ్మ గుమ్మం పక్క చోటు వదిలేసింది. కన్నుమూసేదాకా ప్రతి ఆదివారం మొదటి బెంచీలో, ఎంత ఉక్కపోసినా ఒంటరిగా, నిటారుగా కూర్చునేది. మొదట్లో ఒకసారి నేను వెనకనుంచి సైగ చేసి పిలిచాను, ఫ్యాన్ కిందకి రమ్మని. ఆవిడ ప్రసంగం మధ్యలోనే వెనక్కి తిరిగి, గుడి మొత్తానికీ వినబడేలా, "అందరూ అక్కడే కూర్చుంటే ఇది లేచేదెలాగే?" అంది. అయ్యగారు ప్రసంగం ఆపేశారు. నేను లేచి, నడవ మధ్యలోంచి నడిచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఇప్పటికీ అక్కడే కూర్చుంటున్నాను.